ఆటగానికొక వకీలు

గండి క్షేత్రమున పాపఘ్నీనది కొండలను చీల్చుకొని దిగుచున్నది. దానికి చేరువనే ఇడుపులపాయ కలదు. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణ మచ్చట నెలకొన్నది మొదలు, పల్లెటూరి బడులలో పదవ తరగతి ముగించిన రైతుబిడ్డలు ఆ కొండపాదమున ఇంజనీరింగు చదువుచున్నారు. ఈ ప్రాంతపు బిడ్డ ఇంజనీరు కాగలదని ఆ ప్రాంగణము చూపినది. ఈ ప్రాంతపు బిడ్డ దేశపు జట్టులో నిలిచి ఆడగలదని వీరపునాయునిపల్లె మండలమందలి ఎర్రమల్లె గ్రామము చూపినది.

నల్లపురెడ్డి శ్రీచరణిని 2024 డిసెంబరులో బెంగుళూరున జరిగిన వేలమున ఢిల్లీ క్యాపిటల్స్ వారు 55 లక్షల రూపాయలకు తీసికొనిరి. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను గెలిచి ప్రపంచకప్పు నందుకొన్న భారత మహిళల జట్టులో ఆమె యుండెను. ఆ పోటీలలో ఆమె పడగొట్టిన వికెట్లు 14. అదే నెల కడపట జరిగిన వేలమున ఆమె వెల 1 కోటి 30 లక్షలకు పెరిగెను. రాష్ట్రప్రభుత్వము రెండున్నర కోట్ల రూపాయలును, గ్రూపు-1 ఉద్యోగమును, కడపలో వేయి గజముల ఇంటి స్థలమును ప్రకటించెను. జిల్లా యంతయు సంతోషించెను. మేమును సంతోషించితిమి.

సన్మానములు చేయుట మనకు చేతనైన విద్య. ఆ సన్మానసభ ముగిసి, పూలదండలు వాడిన పిమ్మట ఆటగాని ముందునకు వచ్చునది కాగితము. జట్టు యజమానితో ఒక ఒడంబడిక, ప్రకటనకర్తతో ఒక ఒడంబడిక, ఈ రెంటిని కుదిర్చెదనని ముందునకు వచ్చిన మేనేజరుతో మూడవ ఒడంబడిక. శ్రీచరణి సొంత వ్యవహారములు ఆమెవి. వానితో మాకు ప్రసక్తి లేదు. ఆమెను చూచి బంతి చేతబట్టిన పిల్లలు పులివెందులలోను, జమ్మలమడుగులోను, ప్రొద్దుటూరిలోను నేడు ఎందరో యుందురు. వారిలో నొకరికి రేపు ఆ కాగితము వచ్చినప్పుడు, దానిని చదివి చెప్పగల మనిషి ఈ జిల్లాలో ఎవ్వరు? మా ప్రశ్న యిదియే.

ప్రొద్దుటూరి బంగారపు అంగడిలో గురివింద గింజంత తూకము తేడా వచ్చినను మనవారు ఊరకుండరు. పులివెందుల అరటి రైతు ధర తెలిసికొనక గెల కోయనీయడు. అట్టి గడుసువారు తమ బిడ్డ చేతి పనితనమును, పేరును, ముఖచిత్రమును ఐదేండ్లకో పదియేండ్లకో వ్రాసియిచ్చునపుడు మాత్రము, చూపినచోట సంతకము చేసి నమస్కారము పెట్టుదురు. ఇది తెలివితక్కువతనము కాదు. బంగారమునకు త్రాసు కలదు. ఈ సరకునకు త్రాసు మనకింకను కుదరలేదు. ఆ త్రాసు పట్టుకొనవలసినవాడు న్యాయవాది.

ఆ కాగితములలో నేముండునో తెలియుటకు జహీర్ ఖాన్ వ్యాజ్యము చాలును. ఆ బౌలరు 2000లో, తన ఆట అప్పుడప్పుడే పైకి వచ్చుచున్న దినములలో, పర్సెప్ట్ డీమార్క్ అను సంస్థతో మూడేండ్లకు ఒడంబడిక చేసికొనెను. అందులో నొక షరతు కలదు. గడువు తీరిన తరువాత సైతము మరియొకరు అతనికి బేరమేదైన చూపినచో, దానిని ముందుగా ఈ సంస్థకు తెలుపవలెను. అదే మొత్తము వారీయ నంగీకరించినచో వారికే ఒప్పవలెను. అనగా మూడేండ్ల కట్టుబాటునకు తుది లేదు. జహీర్ ఖాన్ గడువు తీరగానే మరియొక సంస్థలో చేరెను. మొదటివారు న్యాయస్థానమున కెక్కిరి. 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 27వ సెక్షను ప్రకారము మనిషి వృత్తికి అడ్డుకట్ట వేయు ఒప్పందము చెల్లదు. గడువు దాటిన పిమ్మట ఆటగానిని బంధించు ఆ షరతును చెల్లదని తీర్పు.

పాఠకులు రెండు సంగతులు గమనింపగోరెదము. మొదటిది: ఆటగానిని కాపాడినది క్రొత్త చట్టము కాదు, తొలి సంవత్సరపు లా విద్యార్థియు చదువు పాత చట్టము. రెండవది: జహీర్ ఖాన్‌కు సుప్రీంకోర్టు దాక పోవు స్తోమత యుండెను. రాష్ట్రపు జట్టు అంచున నిలిచిన పల్లెటూరి పిల్లవానికి ఆ స్తోమత యెక్కడిది? అతనికి కావలసినది సుప్రీంకోర్టు తీర్పు కాదు. సంతకమునకు ముందు ఆ షరతుపై కలము పెట్టి, ‘ఇది కొట్టివేయుడు’ అని చెప్పగల ఒక్క ప్లీడరు చాలును.

ఆటగాడు మైనరైనచో చిక్కు మరింత పెరుగును. మైనరు చేసిన ఒడంబడిక మొదటినుండియు చెల్లదని ప్రివీ కౌన్సిలు 1903లోనే తేల్చినది. ఇది బాలలకు రక్షణయే. అయినను ఈ కత్తికి రెండు వైపులను పదునున్నది. ఒక మైనరు బాలిక సినిమాలో నటించుటకు ఆమె తండ్రి నిర్మాతతో చేసికొన్న ఒప్పందము నిర్మాత వలన భంగము కాగా, ఆ బాలిక తరఫున నష్టపరిహారమునకై వ్యాజ్యము వేసిరి. ఒప్పందమే చెల్లదు గనుక నష్టపరిహారమును లేదని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు 1949 నాటి లా రిపోర్టులలో కలదు. పదునాలుగేండ్ల బాలికను బాలుని చేర్చుకొని తరిఫీదిచ్చు శిబిరములు, వారి తండ్రులచేత సంతకములు చేయించుకొను పెద్దమనుషులు మనయెదుట కానవచ్చు ఈ దినములలో, ఈ సంగతి యెందరు తండ్రులకు తెలియును?

సొమ్ము మాట అటుండనిండు. శిక్ష మాట చూతము. మహమ్మద్ అజహరుద్దీనుపై క్రికెట్ బోర్డు 2000 డిసెంబరులో యావజ్జీవ నిషేధము విధించెను. హైదరాబాదు సివిలు కోర్టులో మొదలైన ఆ వ్యాజ్యము, ఆ నిషేధము చట్టసమ్మతము కాదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పుటతో ముగిసెను. ఆరోపణలలోని మంచిచెడ్డలను మేమిచట విచారించుట లేదు. కాలమును మాత్రము లెక్కింపుడు: పండ్రెండేండ్లు. తీర్పు వచ్చునాటికి అజహరుద్దీను వయస్సు 49. న్యాయము దొరకినది, ఆట దొరకలేదు. ఇందుకు ప్రతిగా గుత్తా జ్వాల విషయము చూడుడు. 2013లో బాడ్మింటన్ సంఘపు క్రమశిక్షణ సమితి ఆ హైదరాబాదు క్రీడాకారిణిపై యావజ్జీవ నిషేధమునకు సిఫారసు చేసెను. ఆమె న్యాయవాదులు వెంటనే ఢిల్లీ హైకోర్టునకు పోయిరి; విచారణ తేలువరకు ఆమెను ఆడనీయవలెనని ఆ అక్టోబరులోనే ఉత్తరువు వచ్చెను. ఆమె ఆట ఆగలేదు.

భూమి తగాదా మూడు తరములు నడచినను భూమి యచ్చటనే యుండును. ఆటగాని శరీరమున కట్టి యోపిక లేదు. పదియేండ్లు, పదునైదేండ్లు, అంతటితో అతని పంట ముగియును. కావున ఆటగాని వకీలు సివిలు వ్యాజ్యపు నడకకు అలవాటుపడినవాడైన చాలదు. ఏ సంఘపు నియమావళిలో నేమున్నదో, ఏ ఉత్తరువు ఎన్ని దినములలో తెచ్చుకొనవలెనో, మత్తుమందుల పరీక్షకు సంబంధించిన నోటీసునకు ఎన్నాళ్లలో జవాబీయవలెనో, 1984లో స్థాపితమై స్విట్జర్లాండులోని లోజాన్ పట్టణమున నడచుచున్న అంతర్జాతీయ క్రీడాన్యాయస్థానమునకు ఎట్లు పోవలెనో అతనికి కరతలామలకముగ నుండవలెను.

ఈ వృత్తి లోకమున కెట్లు వచ్చినది? అమెరికా దేశమున క్లీవ్‌లాండ్ పట్టణపు న్యాయవాది మార్క్ మెకార్మాక్ దీనికి ఆద్యుడందురు. యేల్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి, తానును గోల్ఫ్ ఆడిన యీతడు, 1960 ప్రాంతమున ఆర్నాల్డ్ పామర్ అను గోల్ఫ్ ఆటగానితో చేయి కలిపి అతని వ్యవహారములు చేపట్టెను. అనతికాలముననే గారీ ప్లేయరును, జాక్ నిక్లసును అతని యొద్దకు వచ్చిరి. అంతవరకు ఆటగానికి ఆట జీతమే జీతము. పేరునకును, ముఖమునకును, చేతి సంతకమునకును వేరుగ వెల కలదని నిరూపించినవాడు మెకార్మాక్. 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగును నిలబెట్టుటలో అతడు స్థాపించిన సంస్థ చేయి కూడ నున్నది.

అయితే ఆ సంస్థ పెరిగిన తీరు మనకు పాఠమును, హెచ్చరికయును. ఆటగాని తరఫున మాటలాడు సంస్థయే పోటీలను నడపెను. ఆ పోటీలను టెలివిజనునకు అమ్మినదియు అదియే. అమ్మువాడును, కొనువాడును, మధ్యవర్తియు నొకడే యైనచోట ఆటగాని లాభము నెవడు చూచును? మన దేశమున ఈ రోగము మరియొక రూపమున ముదిరినది. క్రికెట్ బోర్డు అధ్యక్షుని సంస్థకే ఒక జట్టు సొంతమై యుండెను. అట్లుండుటకు వీలు కల్పించిన నియమమును 2015 జనవరి 22వ తేదీన సుప్రీంకోర్టు కొట్టివేసెను. బోర్డు ప్రైవేటు సంఘమైనను ప్రజల పని చేయుచున్నది గనుక హైకోర్టుల రిట్టు అధికారమునకు లోబడవలసినదేయని ఆ తీర్పే చెప్పినది.

ఆ తీర్పునకు దారి తీసిన విచారణలో నొక తెలుగు న్యాయవాది యుండెను. లావు నాగేశ్వరరావుగారు చీరాలలో జన్మించి, నాగార్జున విశ్వవిద్యాలయమున చదివి, గుంటూరు కోర్టులలో 1982లో వృత్తి మొదలిడిరి. యౌవనమున ఆంధ్ర జట్టు తరఫున రంజీ పోటీలలో ఆడినవారు. 2013 అక్టోబరులో లీగు జూదపు వ్యవహారముపై సుప్రీంకోర్టు నియమించిన ముద్గల్ సమితిలో వారు సభ్యులైరి. 2016లో బారునుండి నేరుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తియై 2022లో పదవి విరమించిరి. ఆ సంవత్సరమే భారత ఒలింపిక్ సంఘపు నిబంధనావళిని సరిదిద్దు భారమును, 2023లో హైదరాబాదు క్రికెట్ సంఘమును చక్కబెట్టు భారమును, ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధనావళిని రూపొందించు భారమును సుప్రీంకోర్టు వారిపై నుంచెను. హైదరాబాదు సంఘములో ఓటు గల క్లబ్బులు పెక్కింటిని కొలదిమంది తమ గుప్పిట నుంచుకొన్నారని తేల్చి, 57 క్లబ్బులను వారు ఎన్నికనుండి తొలగించిరి.

మైదానము నెరిగి, చట్టము నెరిగి, రెంటికి నడుమ నిలువగల మనిషి విలువ యెట్టిదో ఈ జీవితము చెప్పుచున్నది. అయినను ఒక్కమాట మనవి చేయక తప్పదు. నాగేశ్వరరావుగారి పని ఇల్లు కాలిన తరువాత నీళ్లు చల్లుట. సంఘములు చెడిన తరువాత సుప్రీంకోర్టు వారిని పిలిచినది. నిప్పు రాజుకొనక ముందే కనిపెట్టవలసినవారు జిల్లా కోర్టుల ప్లీడర్లు. ఆ పనికి పెద్దపేరు రాదు, పత్రికలలో బొమ్మ పడదు. కాని దానివలన నిలుచునది ఒక కుటుంబపు జీవనము.

ఇచ్చట పడుచు న్యాయవాదులొక ఆక్షేపణ చెప్పుదురు. ‘మేనేజరునకు కమీషను కలదు, మాకేమున్నది?’ ఈ మాటలో సత్యము లేకపోలేదు. 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద బార్ కౌన్సిల్ చేసిన నియమములలో 47వది న్యాయవాది స్వయముగా వ్యాపారము చేయరాదనుచున్నది. 49వది పూర్తికాలపు జీతగాడై యుండరాదనుచున్నది. 20వది వ్యాజ్యపు ఫలితమును బట్టి ఫీజు కుదుర్చుకొనుటను, వచ్చిన సొమ్ములో పాలు పుచ్చుకొనుటను నిషేధించుచున్నది. అనగా గౌను ధరించినవాడు ఆటగాని ఆదాయమున నూటికింత యని పంచుకొను మేనేజరు కాజాలడు. కానెంచినవాడు సన్నదును పక్కన బెట్టవలెను.

ఈ కట్టుబాటు పాతబడినదనియు, తొలగింపవలెననియు కొందరందురు. మేమందుల కంగీకరింపము. ఈ విషయమున ఆ పాతనియమమే ఆటగానికి పెట్టని కోట. నూటికింత పుచ్చుకొనువాడు బేరము కుదురుటనే కోరును. బేరము కుదరకున్న అతనికి దమ్మిడీ రాదు. ‘ఈ కాగితముపై సంతకము చేయవద్దు’ అని నోరువిప్పి చెప్పగలవాడు, సంతకమైనను కాకున్నను తన ఫీజు తనకు వచ్చువాడే. బేరము తెచ్చువాడు మేనేజరు. బేరమును తూచువాడు వకీలు. ఇద్దరి గుణములు వేరు. మెకార్మాక్ రెంటిని ఒక్కచోట చేర్చెను; మనము వేరుపరుపవలెను. మేనేజరు కాదలచిన న్యాయవాదిని మేము నిందింపము. అదియు గౌరవముగల వృత్తియే. ఒక చేత గౌనును, మరియొక చేత కమీషనును పట్టరాదని మాత్రము మా మతము.

కమీషను పుచ్చుకొనువారికైన నొక హద్దుండవలదా? అమెరికా వృత్తి ఫుట్‌బాల్ ఆటగాండ్ర సంఘము తన సభ్యుల ఏజెంట్లకు తానే అనుమతిపత్రము లిచ్చి, జట్టు జీతముపై నూటికి 3కు మించి పుచ్చుకొనరాదని కట్టడి చేసినది. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య 2023 మొదలు ఏజెంటు కాగోరువానికి పరీక్ష పెట్టుచున్నది. మన దేశమున 2019లో ఏర్పడిన క్రికెటర్ల సంఘము ఆట మానినవారిది, ఆడుచున్నవారిది కాదు. ఆటవిడుపైన పిదప హక్కులు చెప్పుకొనుట కంటె ఆటలో నున్నప్పుడే చెప్పుకొనుట మేలు గదా!

మరియొక ఆక్షేపణ కలదు. ‘ఆటలోనికి ప్లీడర్లను తెచ్చినచో ఆట కోర్టు పాలగును’ అందురు. ఆట ఇప్పటికే కోర్టు పాలైనది. పైన చెప్పిన వ్యాజ్యములన్నియు నందులకు సాక్ష్యము. అవి చాలవరకు ముందుచూపు లేక పుట్టినవి. నియమములు సరిగా వ్రాసినచోట, కాగితము సంతకమునకు ముందే చదివినచోట వ్యాజ్యము పుట్టదు. మంచి వకీలు వ్యాజ్యము గెలిపించును. అంతకు మేలైనవాడు వ్యాజ్యము రానీయడు.

ఇక చేయవలసిన పని. పెద్ద ధనము, పెద్ద భవనములు అక్కరలేని నాలుగు సూచనలు చేసెదము.

మొదటిది: 1987 నాటి న్యాయసేవల చట్టపు 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును, బాలలకును, ఆదాయముతో నిమిత్తము లేకయే, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థవారు కడప క్రీడాపాఠశాలకు ఏటికి రెండుమార్లు ఒక న్యాయవాదిని పంపి, ఒడంబడిక యననేమో, మత్తుమందుల నియమమననేమో, మైనరు సంతకమున కెంత విలువయో పిల్లలకును తలిదండ్రులకును చెప్పింపవలెను. ఇందులకు క్రొత్త చట్టము వలదు. ఉన్న చట్టమును నడిపించిన చాలును.

రెండవది: కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బారు సంఘములు ఒక్కొక్కటి ఇద్దరేసి పడుచు న్యాయవాదులను ఈ పనికి ఏర్పరచవలెను. వీలైనచో వారు ఆటయం దభిరుచి గలవారై యుండవలెను. తమ పట్టణపు ఆటగాడు తెచ్చిన ఏ కాగితమునైనను మొదటిసారి ఉచితముగ చదివి, తెలుగులో దాని సారాంశము వ్రాసి యీయవలెను. సంతకమునకు ముందు తెలుగు సారాంశము లేని కాగితమును ముట్టరాదని మన తండ్రులు శపథము పట్టవలెను.

మూడవది: 2025 ఆగస్టులో చట్టమైన జాతీయ క్రీడాపరిపాలన శాసనము క్రీడాతగాదాలకై జాతీయ ట్రిబ్యునలు నొకదానిని నిర్దేశించినది, దాని తీర్పుపై అప్పీలు సుప్రీంకోర్టునకే. ఇది శీఘ్రన్యాయమునకు మేలు చేయవచ్చును. కాని ఇడుపులపాయ ప్రక్క పల్లెనుండి ఢిల్లీ యెంత దూరము! దూరమునుండియే విన్నపములు స్వీకరించి విచారణ జరుపు ఏర్పాటును, పేద ఆటగానికి వకీలు నిచ్చు ఏర్పాటును ఆ ట్రిబ్యునలు నియమములలో చేర్పవలెనని మన పార్లమెంటు సభ్యులు అడుగవలెను. లేనిచో అది ధనవంతుల ఆటగాండ్రకు తలుపు, పేదలకు గోడ యగును.

నాలుగవది: మన విశ్వవిద్యాలయముల న్యాయకళాశాలలు క్రీడాన్యాయమును పాఠ్యాంశముగ నేర్పవలెను. సర్వేనంబర్ల తగాదాలతో నిండిన కోర్టులలో చోటు చాలక వేచియుండు పడుచు న్యాయవాదులకు ఇది క్రొత్త చేను. దున్నువాడు లేక బీడుపడియున్నది.

ఒక బాలిక ఎఱ్ఱమట్టి నేలపై బంతి త్రిప్పుట నేర్చి దేశమునకు కప్పు తెచ్చినది. ఆ పని ఆమె చేసినది. దానికి మన వకీళ్ల తోడ్పాటు అక్కరలేకపోయెను. ఆ వెనుక వచ్చువారి కష్టార్జితము వారియింటికే చేరునట్లు చూచు పని మాత్రము చదువుకొన్న మనది. ఈ రచ్చబండ మీద పత్రిక చదువుచున్న న్యాయవాది మిత్రుడా, నీ పట్టణమున సాయంకాలము ఆటస్థలమున కొకసారి పోయి చూడుము. అచ్చట ఆడుచున్నవారిలో రేపటి నీ కక్షిదారు ఉండవచ్చును. ఆమెకు ఫీజు ఇచ్చుకొను శక్తి యింకను లేదు. కాని ఆమె చేతికి కాగితము నేడో రేపో వచ్చును.